రాహుకాలానికి ముందు వేలిముద్ర

నా దస్తూరి బాగుంటుంది. ముందు ఈ గొప్ప చెప్పుకుని ఆ తర్వాత సిగ్గుపడతాను, ఎందుకంటే సిగ్గుపడవలసిన పని ఆ దస్తూరితోనే చేశాను.

డెబ్బైల్లోనూ ఎనభైల్లోనూ కోనసీమలో ఒక సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ముందు లైసెన్సు ఉన్న దస్తావేజు రైటరుగా బతికాను. భూమి అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ వచ్చి నోటితో చెప్పిన మాటల్ని స్టాంపు కాగితాల మీద దస్తావేజుగా రాసిపెట్టడం మా పని. తాటాకు పందిరి కింద నాలుగు బల్లలు, నలుగురు రైటర్లం. కాగితం చివర 'దస్తూరి' అని రాసి, కింద మా పేరు, లైసెన్సు నంబరు వేసుకోవాలి. ఆ నంబరు వేసే ప్రతిసారీ నాకు కాస్త ఛాతీ పొంగేది. కొట్టివేత లేకుండా, దిద్దుబాటు లేకుండా మూడు పేజీలు రాసేవాణ్ణి. సబ్ రిజిస్ట్రారుగారు నా కాగితం చూసి, "మీ అక్షరం కళ్ళకద్దుకోవచ్చండీ," అన్నారు ఒకసారి. ఆ మాట ఇంటికెళ్ళి మా ఆవిడకి మూడుసార్లు చెప్పాను.

లైసెన్సు వెనక షరతులు అచ్చువేసి ఉండేవి. రాసింది రాసినట్టు చదివి వినిపించాలి. రాత లేని కాగితం మీద సంతకంగానీ వేలిముద్రగానీ తీసుకోకూడదు. ఇవి తప్పితే జిల్లా రిజిస్ట్రారు లైసెన్సు ఆపెయ్యవచ్చు, పూర్తిగా రద్దు కూడా చెయ్యవచ్చు. ఆ షరతులు మాకు తెలుసు. కానీ మా పందిట్లో వాటికంటే పెద్ద షరతు ఇంకొకటి ఉండేది, అది రాహుకాలం.

భూమి కొనేవాడికి భూమి కంటే ఘడియ ముఖ్యం. బుధవారం పన్నెండు కొడితే రాహుకాలం. పదకొండున్నరకి స్టాంపు కాగితాలు పట్టుకుని వచ్చి, పన్నెండు లోపల పని కావాలంటే ఎలా అవుతుంది? రాయడానికే రెండు గంటలు పడుతుంది. అందుకని మేం నలుగురం ఒక దారి కనిపెట్టుకున్నాం. అమ్మేవాడి వేలిముద్రలు ముందు ఖాళీ కాగితాల మీద వేయించేసేవాళ్ళం. వేలిముద్ర మంచి ఘడియలో పడింది కనుక అమ్మకం మంచి ఘడియలో జరిగినట్టే. రాత తర్వాత తీరిగ్గా రాసుకునేవాళ్ళం. సంతకం చెయ్యగలవాళ్ళ దగ్గర మాత్రం ఈ పని చేసేవాళ్ళం కాదు. చదువుకున్నవాడు ఖాళీ కాగితం మీద సంతకం పెట్టడు కదా. ఈ తేడా ఇప్పుడు రాస్తుంటే చెయ్యి ఆగుతోంది, అప్పుడు ఎప్పుడూ ఆగలేదు.

అలాంటి ఒక బుధవారం ఆవిడ వచ్చింది. యాభై దాటిన మనిషి, చర్చి పేటలో ఉండేది, ఊడ్పులకీ కోతలకీ వెళ్ళేది. భర్త కాలవ లాకుల దగ్గర తలుపులెత్తి నీళ్ళు వదిలే లస్కరుగా చేసి, ఉన్నన్నాళ్ళూ కూడబెట్టి పద్దెనిమిది సెంట్ల కొబ్బరి దొడ్డి కొని, ఓ మూల ఇల్లు వేసి పోయాడు. ఒక్కతే కూతురు. ఆ పిల్లకి నర్సు ట్రైనింగులో సీటు వచ్చింది. దాని కోసం ఇల్లున్న మూల మూడు సెంట్లు ఉంచుకుని, మిగిలిన పదిహేను సెంట్లూ ఒక కొబ్బరి వ్యాపారికి అమ్ముతోంది.

వ్యాపారిని బెంచీ మీద కూర్చోబెట్టాను. ఆవిడ పందిరి బయట మెట్టు కింద నిలబడింది. నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్దది. ఆయన్ని "మీరు" అన్నాను, ఆవిణ్ణి "నువ్వు" అన్నాను. లైసెన్సు షరతుల్లో దీని గురించి ఏమీ లేదు.

"బాబుగారూ, మా ఇల్లున్న మూల మూడు సెంట్లు నాకే ఉంచి రాయండి. అందులో రెండు కొబ్బరి చెట్లు మా ఆయన చేత్తో నాటినయ్యండి," అంది.

"సరేలే, రాస్తాను. ముందు వేలిముద్రలు వెయ్యి. పన్నెండు కొడితే రాహుకాలం."

ఆవిడ చిన్నగా నవ్వింది. "మాకు రాహుకాలాలు లేవండి. మీకు ఎప్పుడు బాగుంటే అప్పుడే వేసేత్తానండి. ఆయ్."

పన్నెండుకి పావుగంట ముందు మూడు ఖాళీ కాగితాల మీద వేలిముద్రలు పడ్డాయి. బొటనవేలికి అంటిన ఇంకును మెట్టుకి రాసుకుంటూ పక్కకి తప్పుకుంది. నమ్మకం లేని రాహుకాలానికి ఆవిడే తలవంచింది. నమ్మకం ఉన్న వాళ్ళం మేం హాయిగా ఉన్నాం.

భోజనం చేసి వచ్చి రాయడం మొదలుపెట్టాను. భూమి వివరం రాసేటప్పుడు పాత దస్తావేజు పక్కన పెట్టుకుని సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు అందులోంచి దింపుకోవడం మా పద్ధతి. చేతికి అలవాటైన పని. ఆలోచన ఎక్కడో ఉంటుంది, చెయ్యి దాని మానాన అది పోతుంది. ఆ రోజూ అలాగే పోయింది. తూర్పున పంట బోదె, దక్షిణం ఫలానా వారి అరటితోట, ఈ హద్దుల మధ్య పద్దెనిమిది సెంట్లు, ఇందలి గృహము, ఫలవృక్షములు సహా. ముత్యాల్లాంటి అక్షరాలు. ఒక్క కొట్టివేత లేదు.

నాలుగు కావస్తోంది. దాఖలు చేసుకునే వేళ దాటిపోతోందని లోపల్నుంచి కేక వేశారు. కాగితం పట్టుకుని ఆవిడకి చదివి వినిపించడం మొదలుపెట్టాను. మా చదువు ఎలా ఉండేదో చెప్పాలి. పెళ్ళిలో పురోహితుడి మంత్రంలాగ గుక్క తిప్పుకోకుండా సాగిపోయేది. వినేవాళ్ళకి అర్థం కావాలన్న పట్టింపు ఆయనకీ ఉండదు, మాకూ లేదు. ఆవిడ మెట్టు కింద నిలబడి ప్రతి వాక్యానికీ "ఆయ్" అంటోంది.

భూమి వివరం దగ్గరికి వచ్చాను. పద్దెనిమిది అన్న మాట కంటపడింది. పదిహేను ఉండవలసిన చోట పాత దస్తావేజు లెక్కే దిగిపోయింది.

ఇక్కడిదాకా జరిగింది పొరపాటు. ఇక్కడ్నుంచి జరిగింది పొరపాటు కాదు. ఆ మాట కొట్టేసి దిద్దవచ్చా అంటే, విస్తీర్ణం, హద్దులు, ఇల్లు అన్నీ మార్చాలి, పేజీ అంతా గీతలవుతుంది. వేరే కాగితాల మీద రాయాలంటే మళ్ళీ స్టాంపులు కొనాలి, మళ్ళీ వేలిముద్రలు, మళ్ళీ ఘడియ. ఎందుకు మారుస్తున్నారని సబ్ రిజిస్ట్రారుగారు అడిగితే ఖాళీ కాగితాల సంగతి బయటపడుతుంది. పైగా నా కాగితం మీద ఎప్పుడూ ఒక్క గీత లేదు. నిజం చెప్పాలంటే ముందు తోచింది ఈ ఆఖరిదే.

వ్యాపారి నా మొహం చూసి పక్కకి వచ్చాడు. చెవిలో చెప్పాను. ఆయన ఏ మాత్రం తొట్రుపడలేదు. "రాసిందాన్ని కొట్టేత్తే శుభం కాదండి. ఆ మూడు సెంట్లు నేనెక్కడికి పట్టుకుపోతానండీ? వారం పదిరోజుల్లో సవరణ దస్తావేజు రాసుకుందాం. మీరే రాద్దురుగాని," అన్నాడు.

తలూపాను. మళ్ళీ ఆవిడ వైపు తిరిగి, భూమి వివరం వదిలేసి, దాని కింద వాక్యం నుంచి చదివాను. ఆవిడ "ఆయ్" అంది.

లోపల సబ్ రిజిస్ట్రారుగారు అడిగారు. "రాసి ఇచ్చావా? సొమ్ము ముట్టిందా?"

"ఆయ్, ఇచ్చేనండి. ముట్టిందండి."

అంతే. ఆవిడ ఇల్లు ఆవిడది కాకుండా పోవడానికి ఆ రెండు జవాబులూ చాలాయి. ఆ సంగతి ఆవిడకి తెలియదు, నాకు తెలుసు. వెళ్తూ వెళ్తూ ఆవిడ నాకు రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టింది.

పదిరోజులు అయ్యాయి. వ్యాపారి కనబడితే, "రావులపాలెం లారీల గొడవలో ఉన్నానండి, పై వారం," అనేవాడు. పై వారం మూఢం అన్నాడు, ఆ తర్వాత వాళ్ళింట్లో పురుడు అన్నాడు. నేను నాలుగుసార్లు గుర్తుచేశాను. అయిదోసారి మానేశాను. ఆరు నెలలు తిరక్కుండా, మేం పిల్లలతో అప్పనపల్లి దర్శనానికి వెళ్ళిన రోజు చూసుకుని, పక్కబల్ల రైటరు చేత పద్దెనిమిది సెంట్లూ ఇంకొకాయనకి అమ్మేశాడు. ఆ కొత్తాయనకి ఏ పాపమూ తెలియదు. కాగితంలో ఇల్లు ఉంది, కొన్నాడు. ముళ్ళకంచె వేయించడానికి మనుషుల్ని తీసుకుని వచ్చాడు.

ఆవిడ పరుగున నా దగ్గరికి వచ్చింది. "బాబుగారూ, ఎవరో వచ్చి ఇల్లు ఖాళీ చెయ్యమంటన్నారండి. తమరు రాసిన కాయితం ఓసారి ఆళ్ళకి చూపించండి. మూడు సెంట్లు నాదని అందులో ఉంది కదండీ."

"చూద్దాంలే, పొరపాటేదో జరిగినట్టుంది, మాట్లాడతాను," అన్నాను. ఎవరితో మాట్లాడతాను? ఆ రోజు మధ్యాహ్నం నేను చేసిన పని ఏమిటంటే, పెందరాళే ఇంటికి వెళ్ళిపోవడం.

కూతురు ట్రైనింగు నుంచి సెలవు మీద వచ్చింది. కాగితం నకలు తీయించుకుని తనే చదువుకుంది. జిల్లా రిజిస్ట్రారుగారికి పిటిషను రాసింది. రైటరు రాత లేని కాగితాల మీద మా అమ్మచేత వేలిముద్రలు వేయించాడు, మూడు సెంట్లు ఉంచమన్న మాట రాయలేదు, చదివి వినిపించలేదు, విచారణ చేసి న్యాయం చెయ్యండి అని. అన్నీ నిజాలే. అమలాపురంలో ప్లీడరు ఆ పిల్లకి చెప్పాడట, రైటరు ఇలా జరిగిందని ఒప్పుకుంటే కోర్టులో దస్తావేజు కొట్టించవచ్చు, ఒప్పుకోకపోతే చదువురాని మనిషి మాట నిలవదు అని. అంటే ఆవిడ ఇల్లు నా నోట్లో ఉంది.

విచారణకి జిల్లా నుంచి అధికారి మా ఆఫీసుకే వచ్చారు. మా ఆవిడ ఉండబట్టలేక నాలుగు నెలల చంటిపిల్లని ఎత్తుకుని వచ్చి వరండాలో నిలబడింది. నేను వద్దన్నాను, వినలేదు.

ముందు నన్ను పిలిచారు. "రాత పూర్తయ్యాకే వేలిముద్ర తీసుకున్నారా?"

"ఆయ్, రాశాకేనండి."

"పూర్తిగా చదివి వినిపించారా?"

"అక్షరం వదలకుండా చదివి వినిపించేనండి."

ఎంత స్పష్టంగా చెప్పానో! ఆ రోజు కాగితం అంత స్పష్టంగా చదివి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

తర్వాత ఆవిణ్ణి పిలిచారు. గుమ్మం దగ్గర నిలబడింది. ఆవిడ ఒక్కసారి వరండా వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. నేను చేతులు కట్టుకుని నేల చూపులు చూస్తున్నాను.

"నీకు చదివి వినిపించాడా?"

"బాబుగారు చదివేనన్నారంటే చదివే ఉంటారండి. నాకే సరిగా వినపడి ఉండదండి. చెవులు కాస్త మందం."

"మరి వేలిముద్ర వేసేటప్పుడు కాగితం మీద రాత ఉందా లేదా?"

"అచ్చరం ముక్క రానిదాన్నండి. ఉండే ఉంటాదండి."

కూతురు "అమ్మా!" అని ఒక్క అరుపు అరిచింది. అధికారి కలం కింద పెట్టేసి, "ఆవిడే అలా చెప్పాక నేను చెయ్యగలిగింది ఏముందమ్మా?" అన్నారు. రాసినవి ఏ రోజుకారోజు ఎక్కించవలసిన నా రిజిస్టరులో ఆ దస్తావేజు ఒక రోజు ఆలస్యంగా ఎక్కించానని పట్టుకుని, మూడు నెలలు లైసెన్సు సస్పెన్షనూ ఒక హెచ్చరికా వేసి వెళ్ళిపోయారు. నా తప్పుకి కాదు ఆ శిక్ష, నా బద్ధకానికి.

అప్పుడైనా లేచి నిజం చెప్పవచ్చు కదా అని మీరు అడగవచ్చు. నేనూ నన్ను చాలాసార్లు అడిగాను. చెప్పలేదు. ఒళ్ళంతా తేలికైపోయింది, ఇంటికి వెళ్తూ చంటిదాన్ని నేనే ఎత్తుకున్నాను. ఆ తేలిక తలుచుకుంటేనే ఇప్పుడు ఎక్కువ అసహ్యం వేస్తుంది.

ఆ మూడు నెలలూ ఊళ్ళో అందరూ నన్ను చూసి పాపం అన్నారు. పక్కబల్ల రైటరు అరటిగెల పట్టుకుని పలకరించడానికి వచ్చి, "ఆ పేట పిల్లలు నాలుగు ముక్కలు నేర్చుకునేసరికి మన మీదే పిటిషన్లండీ," అన్నాడు. నేను తలూపాను. వ్యాపారి చెవిలో చెప్పినప్పుడు ఊపినట్టే ఊపాను. ఎవరేమన్నా ఊపడానికి నాకు తల ఒకటి ఉండేది, అంతే.

సస్పెన్షను రోజుల్లోనే ఒక సాయంత్రం వాళ్ళ ఇంటి వైపు వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలియదు. కంచె పూర్తయింది. ఇంటి కప్పు దించేశారు. ఆవిడ తలుపునీ బట్టలుతుక్కునే రాతినీ ఒక రిక్షా బండి మీద పెట్టించుకుంటోంది. రెండు కొబ్బరి చెట్లు కంచెలోపల ఉన్నాయి. నన్ను చూస్తే మళ్ళీ దణ్ణం పెడుతుందేమోనని భయం వేసి, అరటితోట గట్టు మీంచి చుట్టు తిరిగి ఇంటికి వచ్చేశాను.

లైసెన్సు తిరిగి వచ్చాక నేను మారానని చెప్పుకోవడానికి కొన్ని ఉన్నాయి. ఖాళీ కాగితాల మీద వేలిముద్రలు మానేశాను. రాహుకాలం మనుషులు వస్తే పక్క బల్లలకి పంపించేసేవాణ్ణి. నెమ్మదిగా, మాట మాటా విడదీసి చదివేవాణ్ణి. పందిట్లో మిగతా ముగ్గురూ "పారాయణం మొదలైంది" అని వేళాకోళం చేసేవారు. ఇవన్నీ నిజమే. కానీ ఎవరికి నెమ్మదిగా చదవాలో ఆవిడకి మాత్రం చదవలేదు. ఏళ్ళు గడిచేకొద్దీ మనసు ఒక మంచి ఏర్పాటు చేసుకుంది. ఆవిడకి నిజంగానే చెవులు మందమేమో, నేను చదివినా వినపడేది కాదేమో, అక్కడికి నా తప్పు సగమేనేమో అని. ఆ సగం తప్పుతో బాగానే నిద్రపట్టేది.

ఎనభైల చివర్లో ఒకరోజు పొద్దున్న, పదకొండు గంటలవేళ, పందిరి ముందు తెల్లచీర కట్టుకున్న ఒక స్త్రీ నిలబడింది. పక్కన ఆవిడ. జుట్టు పూర్తిగా తెల్లబడింది. ఆ పిల్ల కొత్తపేట వైపు ఆసుపత్రిలో నర్సు అయింది. అమ్మ పేర ఇంటిస్థలం కొంటోంది. మూడు సెంట్లు.

"నాకు మీ దగ్గరికి రావాలని లేదండి. అమ్మ మాట కాదనలేక వచ్చేను," అంది కూతురు, నిలబడే.

"ఆరి దస్తూరి బాగుంటాదే," అంది ఆవిడ.

తల కొట్టేసినట్టయింది. లేచి నా కుర్చీ ముందుకి జరిపి, "మీరు కూర్చోండి," అన్నాను. ఆవిణ్ణి మీరు అనడం అదే మొదలు. ఆవిడ కంగారుపడి వద్దంది. కూతురు భుజం పట్టుకుని కూర్చోబెట్టింది.

రాయడానికి మామూలు కంటే ఎక్కువసేపు పట్టింది. హద్దులు రెండుసార్లు సరిచూసుకున్నాను. చదవబోతుంటే కూతురు చెయ్యి చాపింది. "ఇలా ఇవ్వండి. మా అమ్మకి నేను చదివి వినిపిస్తాను."

ఇచ్చాను. ఆ పిల్ల ఎవరి మంత్రంలాగానూ చదవలేదు. ఉత్తరం చదివినట్టు చదివింది. తూర్పున రోడ్డు అంటే అమ్మ మొహం చూసింది, ఆవిడ "ఆయ్" అన్నాక పడమర చదివింది. మూడు సెంట్లు అన్నచోట ఆగి, రెండోసారి చదివింది. పందిట్లో మిగతా ముగ్గురూ కలాలు ఆపారు. ఎవరూ పారాయణం అనలేదు.

"వినపడిందా అమ్మా?"

"వినపడిందే." తర్వాత నా వైపు తిరిగి, మామూలు సంగతేదో చెబుతున్నట్టు అంది. "అప్పుడూ నా చెవులు బాగానే ఉన్నాయండి బాబుగారు. మీరు ఓ చోట వదిలేసి కింద నించి చదివేరు, అదీ తెలిసిందండి. తొందరలో ఉన్నారు కదా, ఏదో అక్కర్లేని ముక్కయ్యుంటాదనుకున్నాను. ఆ ఇచారణ రోజున వరండాలో అమ్మగారు చంటిపిల్లనెత్తుకుని నిలబడ్డారండి. మా పిల్లకి ఎలాగో దారి దొరికింది, ఆ బిడ్డకి మీరు తప్ప ఎవరున్నారండీ? అందుకని అలా చెప్పేశాను."

దానికి నేనేమన్నానో చెప్పడానికి ఇప్పటికీ ముఖం చెల్లదు. "ఎండెక్కుతోంది, లోపలికి వెళ్దాం రండి," అన్నాను. క్షమించమని అడగలేదు. అడిగితే క్షమించేస్తుందని తెలుసు. అది ఇంకా భరించలేను.

కూతురు కాగితం నా బల్ల మీద పెట్టి, కింద ఖాళీ ఉన్న చోటు చూపించింది. "ఇక్కడ మీది వెయ్యాలి."

దస్తూరి అని రాశాను. పేరు రాశాను. లైసెన్సు నంబరు వేశాను. ఎప్పుడూ ఛాతీ పొంగేటట్టు వేసుకునే నంబరే. ఇంకా అది నా దగ్గర ఉందంటే, రెండు కొబ్బరి చెట్లతో సహా ఆవిడ మూడు సెంట్లు వదులుకుంది కాబట్టి ఉంది.